అన్నిటికీ ‘ఈజంట్ ఇట్’ చాలదు: ఇంగ్లీష్‌లో క్వశ్చన్ ట్యాగ్‌లు సరిగ్గా వాడటం ఎలా

తెలుగులో ఈ పని చాలా సులువు. బస్సు వచ్చీసింది కదా, వాళ్లు రాలేదు కదా, రేపు నువ్వు వస్తావు కదా, ఆవిడ మీ పిన్ని కదా. కాలం మారినా మనిషి మారినా, అవునన్నా కాదన్నా చివర ఒక్క ‘కదా’ పడేస్తే సరిపోతుంది. ఇంగ్లీష్‌లో చివర తగిలించే ఆ చిన్న ప్రశ్న, అంటే క్వశ్చన్ ట్యాగ్, మాత్రం వాక్యం వాక్యానికీ మారిపోతుంది. అందుకే మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇంగ్లీష్ బాగానే మాట్లాడేవాళ్లు కూడా ‘యూ ఆర్ కమింగ్ టుమారో, ఈజంట్ ఇట్?’ అనేస్తుంటారు. దేశమంతటా ఇలాగే అంటారు. లండన్ కుర్రాళ్లయితే దాన్ని ఇంకా నలిపేసి ‘ఇన్నిట్’ అని అన్నిటికీ వాడతారు. స్నేహితుల మధ్య ఎవరూ పట్టించుకోరు. పేపర్ దిద్దేవారు, ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్నవారు పట్టించుకుంటారు.

గైడ్లలో దీనికి ముప్పై, నలభై రూల్స్ ఇచ్చి బట్టీ పట్టమంటారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. రూలు గుర్తొచ్చేసరికి ఎదుటివారు వేరే మాటలోకి వెళ్లిపోతారు. నిజానికి చూడాల్సినవి మూడే: వాక్యంలో సహాయక క్రియ ఏది, వాక్యం అవునంటోందా కాదంటోందా, ఎవరి గురించి చెబుతోంది. ఈ మూడూ వరసగా చూసుకుంటే, మినహాయింపులు అనుకున్నవాటిలో సగం అసలు మినహాయింపులే కావని తెలుస్తుంది.

ఉదాహరణలన్నీ పలకడానికి వీలుగా తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. చదువుతూ మీ నోట్సులో ఇంగ్లీష్‌లో రాసుకోండి. స్పెల్లింగ్ కూడా పనిలో పనిగా వచ్చేస్తుంది.

అడుగు 1: సహాయక క్రియను పట్టుకోండి

యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్; హ్యావ్, హ్యాజ్, హ్యాడ్; కెన్, కుడ్, విల్, వుడ్, షల్, షుడ్, మస్ట్. వాక్యంలో వీటిలో ఏదైనా ఉంటే దాన్నే చివరికి తెచ్చి ట్యాగ్ కట్టాలి. బయటి నుంచి ఇంకేదీ తేకూడదు.

‘శ్రీకాకుళం ఈజ్ ఆన్ ది బ్యాంక్స్ ఆఫ్ ది నాగావళి, ఈజంట్ ఇట్?’

‘ది బొబ్బిలి వార్ వాజ్ ఫాట్ ఇన్ 1757, వాజంట్ ఇట్?’

‘యూ హ్యావ్ సీన్ ది సిరిమానోత్సవం, హ్యావంట్ యూ?’

‘యువర్ సిస్టర్ కెన్ స్పీక్ ఒడియా, కాంట్ షీ?’

సహాయక క్రియలు రెండు మూడు వరసగా ఉంటే మొదటిదే తీసుకోవాలి. ‘ది ట్రైన్ షుడ్ హ్యావ్ లెఫ్ట్ పలాస బై నౌ’ అన్న వాక్యంలో షుడ్, హ్యావ్ రెండూ ఉన్నాయి. ముందున్నది షుడ్ కాబట్టి ట్యాగ్ ‘షుడంట్ ఇట్?’. ‘హ్యావంట్ ఇట్’ అని రాస్తే మార్కు పోతుంది.

రాతలో మూడు చిన్న విషయాలు మరచిపోవద్దు. ట్యాగ్‌కి ముందు కామా, చివర ప్రశ్నార్థకం ఉండాలి. ట్యాగ్ మొదటి అక్షరం చిన్నది. అపాస్ట్రఫీ ఎన్‌కీ టీకీ మధ్య వస్తుంది, ఎన్‌కి ముందు కాదు. కుదించకుండా పూర్తిగా రాయాలంటే ‘ఈజ్ ఇట్ నాట్?’ అనాలి, ‘ఈజ్ నాట్ ఇట్?’ అనకూడదు. ఆ పూర్తి రూపం మరీ గంభీరంగా ఉంటుంది, మామూలు మాటల్లో ఎవరూ అనరు.

అడుగు 2: సహాయక క్రియ కనిపించకపోతే డూ, డజ్, డిడ్

మనవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే. ‘పెలికాన్స్ కమ్ టు తేలినీలాపురం ఎవ్రీ ఇయర్’ అన్న వాక్యంలో సహాయక క్రియ పైకి కనిపించదు. ఇదే వాక్యాన్ని ప్రశ్నగా మార్చి చూడండి: ‘డూ పెలికాన్స్ కమ్...’ అంటారు. ఆ డూయే ట్యాగ్‌లోకి వస్తుంది.

‘పెలికాన్స్ కమ్ టు తేలినీలాపురం ఎవ్రీ ఇయర్, డోంట్ దే?’

‘యువర్ ఫాదర్ గ్రోస్ క్యాష్యూ, డజంట్ హీ?’

‘దే సోల్డ్ ది ల్యాండ్, డిడంట్ దే?’

పుట్, కట్, హిట్, సెట్, రీడ్ లాంటి క్రియలు వర్తమానంలోనూ భూతకాలంలోనూ రాతలో ఒకేలా ఉంటాయి. పేపర్ తయారుచేసేవారికి ఇవంటే మహా ఇష్టం. ‘హీ పుట్ ది బ్యాగ్ అండర్ ది సీట్’ అని ఇచ్చారనుకోండి. వర్తమానమైతే హీ పక్కన ‘పుట్స్’ అని ఎస్ ఉండాలి. ఎస్ లేదు కాబట్టి ఇది అయిపోయిన పని, ట్యాగ్ ‘డిడంట్ హీ?’.

హ్యావ్ విషయంలో కాస్త ఆగాలి. అది ఒక్కోసారి సహాయక క్రియ, ఒక్కోసారి అసలు క్రియ. పక్కన మరో క్రియ మూడో రూపంలో ఉంటే సహాయకమే: ‘యూ హ్యావ్ పెయిడ్ ది ఫీజ్, హ్యావంట్ యూ?’. తినడం, తాగడం, స్నానం చేయడం లాంటి అర్థంలో వస్తే అది అసలు క్రియ: ‘దే హ్యాడ్ లంచ్ ఎట్ పలాస, డిడంట్ దే?’. ఇక్కడ ‘హ్యాడంట్ దే’ తప్పు. తప్పనిసరి అనే అర్థంలో వచ్చే ‘హ్యావ్ టు’కి కూడా డూయే వాడతాం: ‘వీ హ్యావ్ టు చేంజ్ బసెస్ ఎట్ నరసన్నపేట, డోంట్ వీ?’. సొంతంగా ఉండటం అనే అర్థంలో మాత్రం రెండు దారులు ఉన్నాయి. ‘యూ హ్యావ్ ఏ హౌస్ ఇన్ టెక్కలి, డోంట్ యూ?’ అని ఇప్పుడు ఎక్కువమంది అంటారు. పాత బ్రిటిష్ పద్ధతిలో ‘హ్యావంట్ యూ?’ కూడా ఒప్పే. పరీక్షలో ఆప్షన్లలో ఒకటే ఉంటే అదే పెట్టండి. మీరే రాయాలంటే ‘డోంట్ యూ’ రాయండి. ‘హ్యావ్ గాట్’ అని ఉంటే ‘హ్యావంట్’ తప్ప ఇంకోటి కుదరదు.

కుదింపులు ఇంకో చిక్కు. ‘హీజ్’ అంటే ‘హీ ఈజ్’ కావచ్చు, ‘హీ హ్యాజ్’ కావచ్చు. ‘హీజ్ గోయింగ్ టు వైజాగ్, ఈజంట్ హీ?’, ‘హీజ్ బీన్ టు వైజాగ్ బిఫోర్, హ్యాజంట్ హీ?’. పక్కనున్న క్రియ రూపమే చెబుతుంది ఏది ఏదో. ‘షీడ్’ కూడా ఇంతే. తర్వాత మామూలు క్రియ ఉంటే అది వుడ్: ‘షీడ్ లైక్ సమ్ కాఫీ, వుడంట్ షీ?’. మూడో రూపం ఉంటే హ్యాడ్: ‘షీడ్ ఫినిష్డ్ ది వర్క్, హ్యాడంట్ షీ?’. ఈ సూత్రానికి లొంగనిది ‘యూడ్ బెటర్’. ఇక్కడ దాగి ఉన్నది హ్యాడ్: ‘యూడ్ బెటర్ టేక్ ది మార్నింగ్ ట్రైన్, హ్యాడంట్ యూ?’. ‘యూడ్ రాదర్ స్టే హియర్’లో దాగి ఉన్నది వుడ్, కాబట్టి ‘వుడంట్ యూ?’. ఈ రెండూ పక్కపక్కన రాసి గుర్తుపెట్టుకోవాల్సిందే, వేరే దారి లేదు.

అడుగు 3: వాక్యం అవునంటే ట్యాగ్ కాదనాలి, కాదంటే అవుననాలి

‘నాట్’ కనిపిస్తే అందరికీ తెలుస్తుంది: ‘యూ డిడంట్ లాక్ ది గేట్, డిడ్ యూ?’. కానీ నాట్ లేకుండానే కాదనే మాటలు ఇంగ్లీష్‌లో చాలా ఉన్నాయి. నెవర్, నో, నోబడీ, నథింగ్, హార్డ్‌లీ, స్కేర్స్‌లీ, బేర్‌లీ, రేర్‌లీ, సెల్డమ్. వీటిలో ఏది ఉన్నా వాక్యం కాదన్నట్టే లెక్క, ట్యాగ్‌లో మళ్లీ నాట్ రాకూడదు.

‘హీ నెవర్ కమ్స్ ఆన్ టైమ్, డజ్ హీ?’

‘ఇట్ హార్డ్‌లీ రెయిన్డ్ లాస్ట్ వీక్, డిడ్ ఇట్?’

ఫ్యూ, లిటిల్ అనే రెండు మాటల ముందు ‘ఏ’ ఉందో లేదో వేలు పెట్టి చూడండి. ‘ఫ్యూ పీపుల్ నో దిస్ రోడ్’ అంటే ఈ దారి తెలిసినవాళ్లు దాదాపు లేరని. ట్యాగ్ ‘డూ దే?’. ‘ఏ ఫ్యూ పీపుల్ నో దిస్ రోడ్’ అంటే కొందరికి తెలుసని. ట్యాగ్ ‘డోంట్ దే?’. ఒక్క అక్షరంతో మొత్తం తిరగబడిపోతుంది. ‘దేర్ ఈజ్ లిటిల్ వాటర్ ఇన్ ది ట్యాంక్, ఈజ్ దేర్?’ అన్నదీ అంతే.

దీనికి సరిగ్గా ఎదురుగా ఇంకో ఉచ్చు ఉంది. అన్‌హ్యాపీ, ఇంపాసిబుల్, డిజ్‌లైక్ లాంటి మాటల అర్థంలో ‘కాదు’ ఉంటుంది, కానీ వాక్యం మాత్రం అవుననే అంటోంది. ‘హీ ఈజ్ అన్‌హ్యాపీ, ఈజంట్ హీ?’, ‘షీ డిజ్‌లైక్స్ డ్రై ఫిష్, డజంట్ షీ?’. మన ఊళ్లలో ఎండుచేప ఇష్టపడనివాళ్లు ఎంతమంది ఉంటారో గానీ, వాక్యం మాత్రం సరైనదే.

అడుగు 4: ఎవరి గురించో చూసి సర్వనామం పెట్టండి

ట్యాగ్‌లో పేరు మళ్లీ చెప్పకూడదు. ‘రాము ఈజ్ కమింగ్, ఈజంట్ రాము?’ అనరు, ‘ఈజంట్ హీ?’ అంటారు. ఇంతవరకు సులువే. కానీ తెలుగులో ఆలోచించి ఇంగ్లీష్‌లో మాట్లాడేవాళ్లకు ఇక్కడ రెండు చిక్కులు వస్తాయి. వాటిని గైడ్లు ఎందుకో పట్టించుకోవు.

మొదటిది ఆడవాళ్లు, వస్తువులు. ‘అక్క వచ్చింది’, ‘బస్సు వచ్చింది’ అన్నప్పుడు మన క్రియలో తేడా లేదు. అందుకని తొందరలో అక్కకి ‘ఇట్’, బస్సుకి ‘షీ’ పడిపోతుంటాయి. రెండోది గౌరవం. ‘మాస్టారు వచ్చారు’, ‘మావయ్యగారు భోంచేశారు’ అని మనం ఒక్కరినే బహువచనంలో చెబుతాం. ఆ గౌరవం ఇంగ్లీష్‌లోకి ఈడ్చుకొస్తే ‘ది హెడ్‌మాస్టర్ హ్యాజ్ కమ్, హ్యావంట్ దే?’ అవుతుంది. ఎంత పెద్దవారైనా ఒక్కరైతే హీ లేదా షీ మాత్రమే: ‘ది హెడ్‌మాస్టర్ హ్యాజ్ కమ్, హ్యాజంట్ హీ?’. ఇందులో అగౌరవం ఏమీ లేదు. గౌరవం చూపించాలంటే వాక్యంలో ‘సర్’ అనండి.

మిగిలినవి గబగబా చూద్దాం. దిస్, దట్ వస్తే ట్యాగ్‌లో ఇట్. దీజ్, దోజ్ వస్తే దే. దేర్‌తో మొదలైన వాక్యానికి ట్యాగ్‌లోనూ దేరే: ‘దేర్ ఈజ్ ఏ రైల్వే స్టేషన్ ఎట్ ఆమదాలవలస, ఈజంట్ దేర్?’. ఎవ్రీథింగ్, నథింగ్ లాంటి వస్తువుల మాటలకు ఇట్. ‘రవి అండ్ ఐ’ అంటే వీ, ‘యూ అండ్ రవి’ అంటే యూ.

ఎవ్రీబడీ, సంబడీ, నోబడీ, ఎవ్రీవన్ దగ్గర మాత్రం నిలబడాలి. వాక్యంలో ఇవి ఏకవచనం, ట్యాగ్‌లో ‘దే’. దాంతో క్రియ కూడా మారుతుంది. ‘ఎవ్రీబడీ హ్యాజ్ సైన్డ్, హ్యావంట్ దే?’. ముందు హ్యాజ్, వెనక హ్యావ్. ‘నోబడీ టోల్డ్ యూ, డిడ్ దే?’ అన్నదాంట్లో రెండు పనులు ఒకేసారి జరిగాయి: నోబడీ కాదనే మాట కాబట్టి ట్యాగ్ అవునంది, మనుషుల మాట కాబట్టి దే వచ్చింది.

అడుగు 5: విడిగా నేర్చుకోవాల్సినవి

‘ఐ యామ్’కి ట్యాగ్ ‘ఆర్న్‌ట్ ఐ?’. ‘ఐ యామ్ లేట్, ఆర్న్‌ట్ ఐ?’. వినగానే తప్పులా అనిపిస్తుంది, కానీ ఇదే వాడుక. స్కాట్లాండ్, ఐర్లండ్‌లలో ‘యామంట్ ఐ’ అంటారు గానీ మన పరీక్షల్లో అది చెల్లదు. కాదన్న వాక్యంలో మాత్రం మామూలే: ‘ఐ యామ్ నాట్ లేట్, యామ్ ఐ?’.

‘లెట్స్’తో మొదలైతే ‘షల్ వీ?’: ‘లెట్స్ గో టు కళింగపట్నం బీచ్, షల్ వీ?’. ఇది అందరం కలిసి వెళ్దామనే ప్రతిపాదన. ‘లెట్ అజ్’ అని విడిగా రాసి, మమ్మల్ని పంపించండి అని అనుమతి అడుగుతుంటే మాత్రం ‘విల్ యూ?’ అవుతుంది.

ఒక పని చేయమన్నప్పుడు ‘విల్ యూ?’, చేయొద్దన్నప్పుడు కూడా ‘విల్ యూ?’: ‘ఓపెన్ ది విండో, విల్ యూ?’, ‘డోంట్ బి లేట్, విల్ యూ?’. పిలుపులో ఆప్యాయత ఉంటే ‘వోంట్ యూ?’ బాగుంటుంది: ‘కమ్ ఇన్, వోంట్ యూ?’. ఒక హెచ్చరిక. పేపర్‌లో ‘విల్ యూ’ రాసి మార్కు తెచ్చుకోండి గానీ, ఆఫీసులో పెద్దవారితో ‘సైన్ హియర్, విల్ యూ?’ అనకండి. విసుగ్గా ఉన్నట్టు వినిపిస్తుంది. అక్కడ ట్యాగే వద్దు, ‘కుడ్ యూ ప్లీజ్ సైన్ హియర్?’ అని సూటిగా అడగండి.

‘యూజ్డ్ టు’కి డిడంట్. ‘ఆట్ టు’కి షుడంట్ లేదా ఆటంట్. ‘నీడ్ టు’కి డోంట్, ‘నీడ్ నాట్’కి నీడ్. ‘మే’కి వాడుకలో ఉన్న ట్యాగ్ లేదు. ‘ఇట్ మే రెయిన్’ అన్నాక ట్యాగ్ కోసం వెతుక్కోవడం కంటే వాక్యమే మార్చి చెప్పడం నయం.

అడుగు 6: వాక్యంలో రెండు ముక్కలుంటే

సాధారణంగా ప్రధాన వాక్యాన్నే చూడాలి. ‘వెన్ వీ రీచ్డ్ ఆమదాలవలస, ది ట్రైన్ హ్యాడ్ లెఫ్ట్’ అంటే అసలు విషయం రైలు వెళ్లిపోవడం, కాబట్టి ‘హ్యాడంట్ ఇట్?’. ‘హీ థింక్స్ ది ఆఫీస్ ఈజ్ ఓపెన్’ అంటే అసలు విషయం అతను అనుకోవడం, ‘డజంట్ హీ?’.

కానీ ‘ఐ థింక్’, ‘ఐ సపోజ్’, ‘ఐ బిలీవ్’ వస్తే దారి మారుతుంది. నేను అనుకుంటున్నానా లేదా అని ఎదుటివారిని అడగడంలో అర్థం లేదు కదా! అందుకని వెనక ముక్కకే ట్యాగ్ వేస్తాం: ‘ఐ థింక్ ది ఆఫీస్ ఈజ్ క్లోజ్డ్, ఈజంట్ ఇట్?’. ‘ఐ డోంట్ థింక్’ అంటే ఆ ‘నాట్’ వెనక ముక్కదే అని లెక్క: ‘ఐ డోంట్ థింక్ ది ఆఫీస్ ఈజ్ ఓపెన్, ఈజ్ ఇట్?’. వెనక ముక్కలో నాట్ కనబడక చాలామంది ఇక్కడ ‘ఈజంట్ ఇట్’ రాస్తారు.

అడుగు 7: గొంతు దించాలా, ఎత్తాలా

రాసే పరీక్షలో దీనికి మార్కులు లేవు, అందుకే ఎవరూ చెప్పరు. మాట్లాడేటప్పుడు మాత్రం అర్థం సగం ఇక్కడే ఉంటుంది. అరసవల్లి క్యూలో నిలబడి పక్కాయనతో ‘ఇట్స్ హాట్ టుడే, ఈజంట్ ఇట్?’ అన్నారనుకోండి. ఎండగా ఉందో లేదో మీకు అనుమానం లేదు. మాట కలపడానికి అన్నారు, ఆయన ఊఁ కొట్టాలి. అప్పుడు ట్యాగ్ దగ్గర గొంతు కిందికి దిగాలి. ఇంటి నుంచి బయల్దేరి ఏడు రోడ్ల జంక్షన్ దాకా వచ్చాక ‘యూ లాక్డ్ ది డోర్, డిడంట్ యూ?’ అని అడిగితే అది నిజమైన అనుమానం. గొంతు పైకి లేవాలి.

మనకి ఇది కొత్తేమీ కాదు. ‘తలుపు వేసీసావు కదా?’ అని ఆదుర్దాగా సాగదీసి అడగడానికీ, ‘చెప్పాను కదా’ అని దించి అనడానికీ ఉన్న తేడానే అక్కడా ఉంది. గొంతు ఎలా వాడాలో మీకు వచ్చు. ఇంగ్లీష్‌లో ట్యాగ్ వెతుక్కునే టెన్షన్‌లో అది చదును అయిపోతుంది, అంతే. ట్యాగ్‌లు నోటికి అలవాటైతే గొంతు దానంతటదే తిరిగి వస్తుంది.

తప్పు దిశలో వాడితే మాత్రం ఇబ్బందే. ఇంటర్వ్యూలో మీ సొంత డిగ్రీ గురించి చెబుతూ ట్యాగ్ వేసి గొంతు ఎత్తితే, మీకే నమ్మకం లేనట్టు ఉంటుంది. ‘యూ టుక్ ది మనీ, డిడంట్ యూ?’ అని దించి అంటే అడగడం కాదు, నిలదీయడం. కోర్టు సినిమాల్లో లాయర్లు సాక్షిని ఇలాగే మూలకి నెడతారు. జవాబు ప్రశ్నలోనే ఉండే ఇలాంటి ప్రశ్నలు క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిజంగానే అడగొచ్చు. తోటి ఉద్యోగితో మాట్లాడేటప్పుడు మాత్రం ఆ స్వరం వద్దు.

అడుగు 8: జవాబు చెప్పడం

నన్నడిగితే పై ఏడు అడుగుల కంటే ఇది ముఖ్యం. ట్యాగ్ తప్పుగా వేస్తే వ్యాకరణం తప్పుతుంది. జవాబు తప్పుగా చెబితే విషయమే తిరగబడిపోతుంది.

‘నువ్వు భోంచేయలేదు కదా?’ అని పిన్ని అడిగితే, తిననివాళ్లు ‘అవును పిన్నీ, చేయలేదు’ అంటారు. ఆవిడ అన్నది నిజమే అని ఒప్పుకోవడం మన పద్ధతి. అదే ప్రశ్న ఇంగ్లీష్‌లో ‘యూ హ్యావంట్ ఈటెన్, హ్యావ్ యూ?’. తినకపోతే జవాబు ‘నో, ఐ హ్యావంట్’. తినేసి ఉంటే ‘యెస్, ఐ హ్యావ్’. ‘యెస్, ఐ హ్యావంట్’ అనే జవాబు ఇంగ్లీష్‌లో లేదు. ఒట్టి ‘యెస్’ అని ఊరుకుంటే తిన్నారని అర్థమై, కంచం పెట్టరు.

పద్ధతి ఒకటే. ప్రశ్న ఎలా అడిగారో మరచిపోండి, జరిగిన విషయాన్ని మాత్రమే చూడండి. పని జరిగితే యెస్, జరగకపోతే నో. యెస్ తర్వాత నాట్ రాదు, నో తర్వాత నాట్ తప్పకుండా వస్తుంది.

మన జిల్లాల నుంచి పని కోసం గల్ఫ్‌కీ సింగపూర్‌కీ వెళ్లేవాళ్లు ఉన్నారు. ఫోన్ ఇంటర్వ్యూలో ‘యూ హ్యావంట్ వర్క్‌డ్ ఎట్ హైట్స్, హ్యావ్ యూ?’ అని అడుగుతారు. ఎత్తు మీద పని చేయని కుర్రాడు తెలుగు అలవాటుగా ‘యెస్, యెస్’ అంటే, చేశానని ఒప్పుకున్నట్టు. వీసా ఇంటర్వ్యూలో ‘యూ హ్యావంట్ బీన్ రెఫ్యూజ్డ్ ఏ వీసా బిఫోర్, హ్యావ్ యూ?’ అన్నదానికి ‘యెస్’ అంటే, ఇదివరకు వీసా నిరాకరించారని చెప్పినట్టు. ఆసుపత్రిలో ‘యూ డోంట్ హ్యావ్ ఎనీ అలర్జీస్, డూ యూ?’ అన్నదీ ఇంతే. ఇలాంటి చోట్ల ఒంటి మాట వద్దు. ‘నో, ఐ డోంట్ హ్యావ్ ఎనీ అలర్జీస్’ అని పూర్తి వాక్యం చెప్పండి. యెస్, నో తడబడినా వాక్యం మిమ్మల్ని కాపాడుతుంది.

ఎక్కడ ట్యాగ్ వద్దు

మీకు అసలు తెలియని విషయానికి ట్యాగ్ వేయకూడదు. ట్యాగ్ అంటే నాకు కొంత తెలుసు, ధృవీకరించండి అని అడగడం. బస్సు ఎప్పుడో తెలియకపోతే ‘వెన్ డజ్ ది బస్ లీవ్?’ అని అడగాలి. అలాగే ప్రశ్న మీద మళ్లీ ట్యాగ్ ఉండదు: ‘వేర్ ఆర్ యూ గోయింగ్, ఆర్న్‌ట్ యూ?’ అన్నది వాక్యమే కాదు. ప్రతి మాటకీ ట్యాగ్ తగిలించినా వినేవారికి చికాకు. ట్యాగ్ తోచక ఆగిపోయే బదులు ‘రైట్?’ అనండి. మామూలు సంభాషణలో అది పూర్తిగా చెల్లుతుంది, పేపర్‌లో చెల్లదు.

సినిమాల్లో ‘సో యూ ఆర్ ది న్యూ మేనేజర్, ఆర్ యూ?’ లాంటివి వింటారు. వాక్యమూ ట్యాగూ రెండూ అవునంటున్నాయి. అది తప్పు కాదు. ఓహో అలాగా అనే ఆశ్చర్యానికో ఎత్తిపొడుపుకో వాడేది. అర్థం చేసుకోండి, కొన్నాళ్లు వాడకండి.

సాధన

పేపర్‌లో పది వాక్యాలు దిద్దుకోవడం కంటే, ఇద్దరు కూర్చుని ఒకరు వాక్యం చెబితే ఇంకొకరు రెండు సెకన్లలో ట్యాగ్ అందించడం బాగా పనిచేస్తుంది. శ్రీకాకుళం నుంచి విజయనగరం వెళ్లే బస్సులో కిటికీలోంచి కనిపించే ప్రతి దాని మీదా వాక్యం కట్టొచ్చు. ముందు రోజుకొక అడుగు మీదే సాధన చేసి, తర్వాత అన్నీ కలపండి. ఇవి ప్రయత్నించండి, కింద చూడకుండా.

ఒకటి, ‘యువర్ అంకుల్ సెట్ అప్ ఏ క్యాష్యూ యూనిట్ లాస్ట్ ఇయర్’. రెండు, ‘దోజ్ ఆర్ పొందూరు శారీస్’. మూడు, ‘ది గర్ల్స్ హ్యావ్ నెవర్ సీన్ స్నో’. నాలుగు, ‘సంబడీ లెఫ్ట్ దిస్ అంబ్రెల్లా హియర్’. ఐదు, ‘ఐ డోంట్ సపోజ్ ది బ్యాంక్ ఓపెన్స్ ఆన్ సండేస్’. ఆరు, ‘శ్రీకాకుళం యూజ్డ్ టు బి ఇన్ విశాఖపట్నం డిస్ట్రిక్ట్’. ఏడు, ‘లెట్స్ నాట్ టేక్ ది నైట్ బస్’.

జవాబులు: డిడంట్ హీ, ఆర్న్‌ట్ దే, హ్యావ్ దే, డిడంట్ దే, డజ్ ఇట్, డిడంట్ ఇట్, షల్ వీ. ఆరో వాక్యం చరిత్రగా కూడా నిజమే. శ్రీకాకుళం జిల్లా 1950లో విశాఖపట్నం జిల్లా నుంచి విడిపోయింది. ఐదోదానికి ‘డూ ఐ’ అని రాసి ఉంటే ఆరో అడుగు మళ్లీ చదవండి. మూడోదానికి ‘హ్యావంట్ దే’ అనిపించి ఉంటే మూడో అడుగు. ఏడోదానికి ‘విల్ యూ’ రాసినవాళ్లు, అందులో ‘లెట్స్’ ఉందన్నది చూసుకోలేదు. నాట్ వచ్చినా వద్దన్నా అది అందరం కలిసి అనుకునే ప్రతిపాదనే.